ఊరి కాగితం ఊళ్లోనే ఉండాలి
ఆనేకల్ తాలూకా ప్రజలకు, ముఖ్యంగా ఇంట్లో తెలుగూ వీధిలో కన్నడమూ మాట్లాడే కుటుంబాలకు విన్నపం



మా అటక మీద ఒక రేకుపెట్టె ఉండేది. తాత రాసిన రాగుల లెక్కలు, చెరువు నీళ్ల వంతుల కాగితాలు, పెళ్లి చదివింపుల పట్టీలు అందులో ఉండేవి. పాత ఇల్లు పడగొట్టిన రోజు ఆ పెట్టెలోవన్నీ తూకానికి వేశాం. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఆపలేదు. ఇప్పుడు ఆ చెరువు లేదు. ఎవరి పొలానికి ముందు నీళ్లు పారేవో చెప్పే కాగితమూ లేదు.

జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలె పొలాలు ఫ్యాక్టరీలయ్యాయి, తోటలు లేఅవుట్లయ్యాయి. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడి మాట కాదు. ఏం పోయిందో రేపు పిల్లలు అడిగితే చూపించడానికి ఏదైనా మిగలాలి కదా! అందుకే మన అర్జీ ఇది: ఆనేకల్ గ్రంథాలయంలో తాలూకా చరిత్రకు ఒక గది కేటాయించాలి. ఆ గదిలోకి ఏం రావాలో, ఏం రాకూడదో ముందే రాసి గోడకు అంటించాలి.

రాతపూర్వకమైన నియమం లేకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చదివేసిన నవలలు, పాత గైడ్లు, సన్మానంలో వచ్చిన పుస్తకాలు మూటలుగా వచ్చి పడతాయి. ఇచ్చినవారు పెద్దమనుషులు కాబట్టి ఎవరూ కాదనలేరు. ఏడాదిలో బీరువాలు నిండిపోతాయి. అప్పుడెవరో ఒక ముసలాయన తాతలనాటి కడితం తెస్తే, చోటు లేదంటారు.

మేం కోరే నియమం ఒక్కటే. ఈ వస్తువు ఆనేకల్‌లో పోతే ఇంకెక్కడైనా దొరుకుతుందా? దొరికితే వద్దు. దొరకదంటే, చెదలు తిన్నదైనా సరే తీసుకోవాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మన ఊళ్ల గురించి బయట అచ్చైన పుస్తకాలు కొనాలి. బి.ఎల్. రైస్ 1905లో వెలువరించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా తొమ్మిదో సంపుటంలో ఆనేకల్ తాలూకా శాసనాలున్నాయి. వాటిలో తమిళ శాసనాలు చాలా కనిపిస్తాయి. అంటే ఈ నేల ఎన్నడూ ఒక్క భాషది కాదు. బెంగళూరు కట్టించిన కెంపేగౌడ తెలుగులో గంగాగౌరీ విలాసం అనే యక్షగానం రాశాడని సాహిత్య చరిత్రలు చెబుతున్నాయి. కాబట్టి కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ అనే తేడా లేకుండా ఊరిని బట్టే సేకరణ జరగాలి. తెలుగువాళ్లం తెలుగు బీరువా ఒక్కటే అడిగితే మన చరిత్రనే సగానికి కోసుకున్నట్టు.

ఇంకో చిక్కుంది. మనలో చాలామందికి తెలుగు నోటికి వచ్చుగాని చేతికి రాదు. కైవారం తాతయ్య తెలుగు తత్వాలను కన్నడ లిపిలో చూసి పాడే భజన బృందాలు ఈ ప్రాంతమంతటా ఉన్నాయి. అలాంటి పాటల పుస్తకాన్ని లిపి చూసి కన్నడంలో చేర్చేస్తే వెతికేవాడికి ఎప్పటికీ దొరకదు. పట్టికలో భాష వేరు, లిపి వేరు అని రెండూ రాయాలి.

‘ఇదివరకే ఒక ప్రతి ఉంది’ అని చేతిరాతను తిప్పి పంపకూడదు. బెంగళూరు నాగరత్నమ్మ ముద్దుపళని కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో మళ్లీ అచ్చువేయించారు. అంతకుముందు అచ్చైన ప్రతిలో పీఠికా, కొన్ని పద్యాలూ లేవు. ఇంకో ప్రతి ఎక్కడో ఎవరో దాచారు కాబట్టే ముద్దుపళని ఎవరో, ఏం రాసిందో మనకు పూర్తిగా తెలిసింది.

కంపెనీ అధికారి మెకంజీ మైసూరు సీమను సర్వే చేసినప్పుడు, ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు ఊళ్ల కథలూ కవిలెలూ సేకరించిపెట్టారు. మెకంజీ 1821లో పోయాక ఆ సేకరణ చెదిరింది. ఇవాళ వాటిని చదవాలంటే చెన్నైకో లండన్‌కో వెళ్లాలి. వాళ్ల శ్రమకు దండం పెడతాను. కానీ కాగితం మళ్లీ ఊరు దాటకూడదు. ఇల్లూ వదలనక్కర్లేదు: గ్రంథాలయం స్కాన్ చేసుకుని అసలు తిరిగి ఇచ్చేయాలి, ఇచ్చినట్టు రసీదు రాయాలి. వీరగల్లులు నిలిచినచోటే ఉండాలి, ఫోటోలు చాలు. డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. కాబట్టి ఎక్కడిదో చెప్పలేని దళారి దగ్గర ఏదీ కొనకూడదు. అప్పులు, కులం, తగాదాలు ఉన్న కాగితాలను ఇంటివాళ్లు చెప్పిన గడువు దాకా మూసి ఉంచాలి.

పాతవే కాదు. ఆనేకల్ పట్టుమగ్గాల జాకార్డు అట్టలు, కరగ ఆహ్వానాలు, భూసేకరణ నోటీసులు, కార్మిక సంఘాల కరపత్రాలు, నాట్లప్పుడు అవ్వలు పాడే పాటల రికార్డులు కూడా కావాలి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. అందరూ పొట్లాలు కట్టి పారేసే పత్రికలను వరసగా దాచింది కాబట్టే ఇవాళ పరిశోధకులు ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్తున్నారు.

డబ్బెక్కడిది అంటారా? 1965 నాటి కర్ణాటక గ్రంథాలయ చట్టం ప్రకారం మన ఇంటి పన్ను మీద రూపాయికి ఆరు పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అడిగే హక్కు మనకుంది.

ఉగాదికి అటకలు దులుపుతారు. పెట్టె తెరిచి చూడకుండా తూకానికి వేయకండి. ఊరు, ఇంటిపేరు, పెట్టెలో ఏముందో ఒక తెల్లకాగితం మీద రాయండి. కన్నడంలో రాసినా సరే. ఆ కాగితాలన్నీ కలిపి అర్జీకి జతచేస్తాం.