బొబ్బర మొలకకు బెట్ట పరీక్ష ఎక్కడ జరగాలి?

గడ్చిరోలి జిల్లాను కరువు సీమగా ఎవరూ లెక్కించరు. ఏటా సగటున 1,200 మిల్లీమీటర్లకు మించి వాన పడే ఈ జిల్లాకు దక్షిణపు కొసన సిరొంచ తాలూకా ఉంది. దానికి పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి పారుతుండగా, భోపాలపట్నం వెళ్లే దారిలో ఇంద్రావతి తీరాన పాతగూడెం ఉంది. అయితే సగటు వానను చూసి పైరుకు నీటి కొరత లేదనుకోవడం పొరపాటు. ఆ వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది; ఆ నాలుగు నెలల్లోనూ రెండు వానల మధ్య ఎడం పెరిగితే తేలిక నేలల్లో పదును త్వరగా ఆరిపోతుంది; ఇక వరి కోసిన మడిలో మిగిలిన పదును మీద పప్పుధాన్యం చల్లితే దానికి మరో వాన దక్కుతుందన్న భరోసా ఉండదు. బెట్ట అంటే వాన లేని సంవత్సరం కాదు, పైరుకు అవసరమైన రోజున వేళ్ల దగ్గర తేమ లేకపోవడం. విత్తన పరిశోధన లెక్కలోకి తీసుకోవలసింది ఈ రెండో అర్థాన్నే.

ఆఫ్రికాలో పుట్టి, తెలంగాణలో బొబ్బర్లుగా, ఆంధ్రలో చాలాచోట్ల అలసందలుగా, మరాఠీలో చవళీగా వాడుకలో ఉన్న పంటకు వేడినీ ఎద్దడినీ ఓర్చుకునే గుణం ఉందని పేరు. అయినా దాని మొలక దశ చాలా సున్నితమైనది. మొలకెత్తేటప్పుడు గింజలోని రెండు బద్దలూ నేలను చీల్చుకుని పైకి వస్తాయి కానీ, వాటిలోని ఆహారపు నిల్వ అప్పటికే చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది కనుక అవి కొద్ది రోజుల్లోనే రాలిపోతాయి. ఆ తర్వాత మొక్క బతుకు ఎదురెదురుగా విచ్చుకునే తొలి జంట ఒంటి ఆకుల మీదా, వాటి పైన ఒక్కో కాడకు మూడేసి పత్రకాలతో వచ్చే ఆకుల మీదా ఆధారపడుతుంది. ఈ దశలో పదును తప్పితే మొక్కల సంఖ్యే పలచబడుతుంది. అలా ఖాళీ పడిన చేను ఆ తర్వాత ఎంత మంచి వాన కురిసినా నిండదు.

ఈ దశలోని ఓర్పును కొలవడానికి నైజీరియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ శాస్త్రవేత్తలు ఒక సులువైన పద్ధతిని రూపొందించారు, బి.బి. సింగ్, ఆయన సహచరులు దాన్ని 1999లో ప్రకటించారు. పదిహేను సెంటీమీటర్ల లోతున్న చెక్కపెట్టెలో మట్టీ ఇసుకా కలిపి నింపి, రకానికో వరుస చొప్పున గింజలు నాటి, మూడు పత్రకాల తొలి ఆకు తొంగిచూసేదాకా రోజూ తడిపి, ఆ తర్వాత నీళ్లు మానేస్తారు. ఏ వరుసలో మొక్కలు ఎప్పుడు వాడుతున్నాయో రోజూ లెక్కిస్తారు; బెట్టకు లొంగే రకాలు పూర్తిగా వడలిపోయాక మళ్లీ నీళ్లు పెట్టి, తేరుకున్నవెన్నో చూస్తారు.

ఓర్చుకున్న రకాలు రెండు తీరుల్లో ప్రవర్తించాయి. మొదటి తీరు మొక్కలు ఆకుల మీది సూక్ష్మరంధ్రాలను మూసి నీటి ఆవిరిని అరికట్టి, ఎదుగుదలను పూర్తిగా ఆపేసి, అన్ని ఆకులనూ సమానంగా పట్టి ఉంచుతాయి. ఎండిపోవలసి వస్తే అన్నీ కలిసి నిదానంగా ఎండిపోతాయి. రెండో తీరు మొక్కలు కింది ఒంటి ఆకులను ముందే వదులుకుని, వాటిలోని తేమను లేత చిగురుకు మళ్లించి, మెల్లగా ఎదుగుతూనే ఎక్కువ రోజులు పచ్చగా నిలుస్తాయి. ఈ రెండో తీరును చూపిన డాన్ ఇలా, కనన్నాడో అనేవి ప్రయోగశాలలో పుట్టినవి కావు. ఉత్తర నైజీరియా రైతులు తరతరాలుగా దాచుకున్న నాటు విత్తనాలవి. ఈ ఒక్క సంగతి చాలు, సిరొంచ ఇళ్లలో దాచిన బొబ్బర గింజలను ఎందుకు సేకరించాలో చెప్పడానికి.

రెండింటిలో ఏది మేలన్న ప్రశ్నకు పెట్టె జవాబు చెప్పలేదు, చేను చెప్పాలి. వానాకాలంలో కొద్ది రోజుల ఎడం వచ్చి మళ్లీ వాన పడేచోట, ఆగి వేచి చూసే మొదటి తీరు మొక్కకు నష్టం తక్కువ. వరి తర్వాతి మడిలో వేచి చూసినా వచ్చే వాన లేదు కనుక, ఉన్న తేమతోనే అంచెలంచెలుగా సాగే రెండో తీరు మొక్కా, త్వరగా కోతకొచ్చే గుణమూ కలిసి రావాలి. పంత్‌నగర్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన పంత్ లోబియా రకాలు సుమారు అరవై రోజుల్లో పండుతాయి. అటువంటి స్వల్పకాలాన్ని నాటు రకాల ఓర్పుతో జత చేయడమే ప్రజననం, అంటే మెచ్చిన గుణాలున్న మొక్కలను సంకరపరచి, తరాల తరబడి ఏరుకుంటూ పోవడం. వరి ఆలస్యంగా కోసే మడుల్లో నేల చల్లబడి మొలక మరింత నెమ్మదిస్తుందన్న సంగతినీ ఈ ఏరివేతలో మరవకూడదు.

చెక్కపెట్టెకు ఒక పెద్ద లోపం ఉంది. పదిహేను సెంటీమీటర్ల మట్టిలో లోతైన వేరుకు పని ఉండదు కనుక, పెట్టెలో ఓడిన రకం ఇంద్రావతి ఒండ్రులో వేళ్లను అడుగుకు దించి నెగ్గవచ్చు. మొలకగా నెగ్గినది పూత దశలో ఓడవచ్చు. అందుకే పెట్టె పరీక్ష మొదటి వడపోతగానే ఉండాలి, తుది తీర్పు మాత్రం చేనుదే కావాలి.

చిక్కంతా ఎవరి చేనన్న దగ్గరే ఉంది. పాతగూడెం అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోది. ఏరు దాటితే రాయ్‌పూర్ పరిధి, గోదావరి దాటితే హైదరాబాద్ పరిధి. రాష్ట్రాల వారీగా విడుదలయ్యే విత్తనానికి సిఫారసు కూడా ఆ హద్దుల్లోనే ఉంటుంది, నేలా వానా హద్దు ఎరుగకపోయినా. మూడు విశ్వవిద్యాలయాలూ కలిసి ఇంద్రావతికి ఇరువైపులా రైతుల మడుల్లోనే, ఒకే విత్తన వరుసలతో, వానాకాలంలో ఒకసారీ వరి కోశాక మరోసారీ పరీక్షలు పెట్టాలి. వాటి ఫలితాలు తెలుగు, మరాఠీ, హిందీ, గోండి మాట్లాడే రైతులకు వారి భాషల్లోనే అందాలి. అందులో స్థానిక నాటు రకమేదైనా నెగ్గితే, 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద దాన్ని కాపాడుకొచ్చిన ఊరివారి పేరనే నమోదు చేయించి, ఆ తర్వాతే సంకరానికి తీసుకోవాలి.