సర్వే చేశారు సరే, మళ్లీ ఎప్పుడు వస్తారు?

ఫస్టియర్ పరీక్షలు అయిపోయాక డిగ్రీ పిల్లలు నోట్‌బుక్కులు పట్టుకుని వీధుల్లో తిరగడం మీరు చూసే ఉంటారు. బహుశా మీరే తిరిగి ఉంటారు. అదే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. మన రాష్ట్రంలో డిగ్రీ చదివేవాళ్లకు తప్పనిసరి. 180 గంటలు, 4 క్రెడిట్లు. ముందు సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమం, ఒక చిన్న ప్రాజెక్ట్, చివర్లో రిపోర్టు. ప్లాన్ బాగుంది కదా?

ఇప్పుడు మా నగరికి రండి. మాది మరమగ్గాల ఊరు. ఏకాంబరకుప్పం వీధుల్లో నడిస్తే మగ్గాల చప్పుడే ముందు పలకరిస్తుంది. అక్కడ ఏ షెడ్డులోకైనా నోట్‌బుక్కుతో వెళ్తే, "పోయినేడు కూడా రాసుకోని పోయినారే నాయనా, ఏమైంది అది?" అంటారు. కూలి ఎంత, అప్పు ఎంత, పిల్లలెంతమంది... అన్నీ చెప్పించుకున్నాం. తిరిగి ఏమిచ్చాం? రిపోర్టు కాలేజీ బీరువాలోకి, క్రెడిట్లు మన ఖాతాలోకి. సాఫ్ట్‌వేర్‌లో ఇలా చేస్తే యూజర్ రెండోసారి ఫీడ్‌బ్యాక్ ఇవ్వడు. నేతన్నలు ఇంకా ఓపిగ్గా ఇస్తున్నారు, అది వాళ్ల మంచితనం.

సమస్య 180 గంటలతో కాదు. మనం చదివే సబ్జెక్టును ఇంట్లో వదిలేసి వెళ్తున్నాం, అదీ సమస్య.

ఒక ఉదాహరణ. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని అమెరికాలోని నియోష్ అనే సంస్థ చెబుతుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 94 దగ్గర ఒక్క గంటే! మరమగ్గాల షెడ్డులో 90 దాటడం మామూలే. ఏళ్ల తరబడి అందులోనే ఉంటే వినికిడి మెల్లగా పోతుంది, పోయింది తిరిగి రాదు. "చెవులు సరిగ్గా వినబడతాయా?" అని సర్వే ఫారంలో టిక్కు పెడితే సరిపోదబ్బా.

అదే ఫిజిక్స్ ఆనర్స్ అమ్మాయి ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసి, ఏ మూల ఎంత శబ్దం ఉందో కొలవొచ్చు. లెక్క సుమారుగానే వస్తుంది, కానీ మాట మొదలుపెట్టడానికి అది చాలు. జువాలజీ అబ్బాయి చెవి లోపల ఏం దెబ్బతింటుందో బొమ్మ గీసి చెప్పొచ్చు. కామర్స్ వాళ్లు షెడ్డంతటికీ ఇయర్‌ప్లగ్గులు కొంటే ఎంతవుతుందో లెక్క వేయొచ్చు. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు మా ఊళ్లో చాలామంది, పెద్దవాళ్లకు వాళ్లే చెప్పాలి. వెళ్లేముందు ఒకరి పాఠం ఇంకొకరికి నేర్పాలి. నేర్పేటప్పుడే మనకు ఎంత వచ్చో తెలుస్తుంది. కంబైన్డ్ స్టడీ అంటే పరీక్ష ముందు రాత్రి టీ తాగడం ఒక్కటే కాదుగా!

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1969 సెప్టెంబర్ 24న ఎన్.ఎస్.ఎస్. మొదలైంది గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 యూనివర్సిటీల్లో, 40 వేల మంది విద్యార్థులతో. దాని నినాదం "నేను కాదు, నువ్వు". రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. ఊరిని దత్తత తీసుకోవడమంటేనే మళ్లీ మళ్లీ వెళ్లడం అని అర్థం.

ఇప్పుడు నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్ డిగ్రీ వస్తోంది. అంటే ఫస్టియర్‌లో సర్వే చేసిన షెడ్డుకు మళ్లీ వెళ్లడానికి మీకు ఇంకా మూడేళ్లు ఉన్నాయి. ఇయర్‌ప్లగ్గులు ఇచ్చి వచ్చాక, పెట్టుకుంటున్నారా, మానేశారా, ఎందుకు మానేశారు... ఈ ప్రశ్నలకు జవాబులు మొదటి రోజు దొరకవు. నా దృష్టిలో అసలు ప్రాజెక్ట్ అక్కడే మొదలవుతుంది.

ఈసారి సర్వేకి వెళ్తే ఫారంలో లేని ఒక వాక్యం మీరే చెప్పి రండి: "అక్కా, ఫలానా తేదీకి మళ్లీ వస్తాం." చెప్పిన తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. రిపోర్టు కాపీ ఒకటి, తెలుగులో రెండు పేజీలు చాలు, వాళ్ల చేతిలో పెట్టండి. అందులో తప్పులుంటే వాళ్లే చెబుతారు. ఆ మార్కులు ఏ లెక్చరరూ వేయలేరు!