అగ్గిపుల్ల గీయకండి

వాగు గట్టునో అడవి బాట పక్కనో సిరంజీలు, సెలైన్ సీసాలు, నెత్తురంటిన దూది గుట్టగా కనబడితే మన ఊళ్లలో జరిగేది ఒక్కటే. నలుగురు ముక్కు మూసుకుని చూస్తారు. ఒకరు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. సాయంత్రానికి పంచాయతీ ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోతుంది, లేదంటే ఎవరో ఇంత కిరసనాయిలు పోసి అంటిస్తారు. తెల్లారేసరికి బూడిద మిగులుతుంది. పారబోసినవాడికి ఊరు ఇంతకన్నా చేయగలిగిన ఉపకారం లేదు.

భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలానికి ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. చుట్టూ అడవి. తునికాకు కాలం వస్తే ఆడా మగా పొద్దు పొడవకముందే ఆ బాటల వెంట నడుస్తారు. కాళేశ్వరంలో ప్రాణహిత, గోదావరి కలిసే చోటికి భక్తులు చెప్పులు విడిచి దిగుతారు. 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు లక్షల మంది వచ్చిపోయారు. అంత జనం చేరిన చోట తాత్కాలిక వైద్య శిబిరాలు తప్పవు, శిబిరమన్నాక సూదులూ తప్పవు. వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. రాత్రిపూట మూట విసిరేవాడికి రాష్ట్రం హద్దు అడ్డమా?

చట్టం లేక కాదు. జీవవైద్య వ్యర్థాలపై 1998లోనే నిబంధనలు వచ్చాయి, 2016 మార్చిలో వాటిని తిరగరాశారు. పడకలున్న ఆస్పత్రి నుంచి రక్తపరీక్షల ల్యాబు వరకు, టీకాల శిబిరం వరకు అందరూ వాటి కిందికే వస్తారు. శరీర భాగాలు, నెత్తురంటిన గుడ్డలు పసుపు సంచిలో వేయాలి. గొట్టాలు, చేతి తొడుగులు, సూది తీసిన సిరంజీలు ఎర్ర సంచిలో వేయాలి. సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిరగని తెల్ల డబ్బాలోకి, గాజు సామాను నీలం పెట్టెలోకి పోవాలి. సంచులకు బార్‌కోడ్ ఉండాలి. శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి ఉంచరాదు. శుద్ధి కేంద్రం మామూలుగా 75 కిలోమీటర్ల లోపు ఉండాలి, ఆ పరిధిలో చాలినన్ని పడకలు లేనప్పుడు 150 కిలోమీటర్ల దాకా వెసులుబాటు ఉంది. వరంగల్ నగరమే మహదేవపూర్‌కు రోడ్డున వంద కిలోమీటర్ల పైమాట. శుద్ధి కేంద్రం బండి రావడం ఒక్కరోజు తప్పితే ఏ అడవి బాట గుర్తుకొస్తుందో వేరే చెప్పాలా!

కాబట్టి గుట్ట కనబడగానే ముట్టుకోవద్దు, కాల్చవద్దు, మట్టి కప్పవద్దు. సూది మంటకు కాలదు, బూడిదలో దాక్కుని మరో కాలికి గుచ్చుకుంటుంది. పీవీసీ గొట్టాలు కాలితే వచ్చే పొగలో డయాక్సిన్ల వంటి విషాలుంటాయి. వీటిని మించిన నష్టం ఇంకొకటుంది. మంటల్లో పోయేది ఆధారం. సెలైన్ సీసా మీద, మందు సీసా మీద తయారీ సంస్థ పేరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. ఆ నంబరు పట్టుకుని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ టోకు వ్యాపారి మీదుగా ఆస్పత్రి గడప దాకా వెళ్లగలడు. సర్కారు సరఫరా అయితే ఆ ముద్ర సీసా మీదే కనిపిస్తుంది. దొంగతనం జరిగిన ఇంట్లో వేలిముద్రలు తుడిచేస్తామా?

చూసినవారు చేయగలిగింది కొంతే, కానీ అది చాలు. పిల్లలనూ పశువులనూ కుక్కలనూ దగ్గరికి రానివ్వకుండా ఒకరు కాపలా ఉండాలి. చోటు తెలిసేలా దూరం నుంచి ఫొటోలు తీసి, పంచాయతీ కార్యదర్శికి, ప్రభుత్వ వైద్యాధికారికి, 100కో 112కో చెప్పాలి. ల్యాబు గొట్టాల మీద, చీటీల మీద రోగుల పేర్లుంటాయి. ఆ ఫొటోలు పోలీసులకే ఇవ్వాలి, ఊరి గ్రూపుల్లో తిప్పకూడదు. పారబోసినవాడి పాపానికి రోగి పరువు బజారున పడకూడదు కదా.

అప్పటికే సూది గుచ్చుకుంటే? నోటితో పీల్చడం, పిండడం వద్దు. ధారగా పారే నీటితో సబ్బు పెట్టి కడిగి వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. 28 రోజులు వాడాలి. నిజానికి అంతకన్నా ఎక్కువ భయపడాల్సింది హెపటైటిస్ బీ గురించి. వ్యాధి ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకే అవకాశం వెయ్యిలో మూడు, హెపటైటిస్ బీ అయితే టీకా లేనివారికి నూటికి ముప్పై దాకా ఉంటుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్ బీ పదుల మంది ప్రాణాలు తీసింది. వాడిన సిరంజీలనే మళ్లీ వాడటం అందుకు కారణమని తేలింది. తుక్కు వ్యాపారుల దగ్గర వాడేసిన సూదులు దొరికాయి. బయట పారేసిన సిరంజీ ఎక్కడో ఒక చోట మళ్లీ అమ్ముడుపోతుందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆ గుట్టను ఎత్తేది ఎవరు? ఈ ప్రశ్న దగ్గరే అందరూ చేతులు దులుపుకుంటారు. ఆస్పత్రి తనది కాదంటుంది. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులను పంపుతుంది. వైద్య వ్యర్థాలను తాకే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నిబంధనలు ఆస్పత్రులను ఆదేశించాయి. పంచాయతీ ట్రాక్టరు వెంట నడిచే కార్మికుడికి ఆ టీకా వేసిందెవరు? పసిపిల్లలకు హెపటైటిస్ బీ టీకా దేశమంతటా అందింది ఈ పదిహేనేళ్లలోనే. నలభై ఏళ్ల కార్మికుడికి చిన్నప్పుడది అందలేదు. పలచటి చేతి తొడుగులిచ్చి ఆయనను ఆ గుట్ట మీదికి తోలడం నేరం. యజమాని తెలియని వ్యర్థాలను మహదేవపూర్ ప్రభుత్వ ఆస్పత్రి తన సిబ్బందితో ఎత్తించి తన సంచుల్లోనే శుద్ధికి పంపాలి. ఖర్చు పట్టుబడినవాడి నుంచి రాబట్టాలి.

ఆర్‌ఎంపీల మాట దాటవేయడం ఆత్మవంచన అవుతుంది. అడవి పల్లెల్లో జ్వరమొస్తే తలుపు తట్టేది వాళ్లదే. అనుమతి లేని వైద్యుడి సూదిని ఏ బండీ తీసుకెళ్లదు, అది వాగులోకే పోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎవరు తెచ్చినా పేరడగకుండా సూదులు తీసుకునే తెల్ల డబ్బాలు పెట్టాలి. ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవారికీ అవి పనికొస్తాయి. నకిలీ వైద్యాన్ని మన్నించినట్టు కాదా అంటారు. కాదు. ఆ వైద్యంపై చర్య దారి వేరు, సూది దారి వేరు.

శిక్ష సంగతి చూద్దాం. పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు ఒకప్పుడు అయిదేళ్ల దాకా జైలు ఉండేది. జన్ విశ్వాస్ చట్టం అమలుతో 2024 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో జరిమానా వచ్చింది. అది పది వేల నుంచి పదిహేను లక్షల దాకా ఉంటుంది. పది వేలతో సరిపెడితే ఆస్పత్రి దాన్ని నెల ఖర్చుల్లో రాసుకుంటుంది. ప్రాణాంతక వ్యాధి వ్యాపించేలా నిర్లక్ష్యం చేసినవారిపై భారతీయ న్యాయ సంహితలోని 271వ సెక్షన్ కింద పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు. గుట్ట దొరికిన ప్రతిసారీ ఆ కేసు నమోదు కావాలి, కాలుష్య నియంత్రణ మండలి గరిష్ఠ జరిమానానే కోరాలి.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. భూపాలపల్లి జిల్లా యంత్రాంగం ఘాట్ల లెక్కలు మొదలుపెట్టే రోజే, ఈ మండలంలో సూది కనబడితే ఎవరికి ఫోన్ చేయాలో ఒక అధికారి పేరు, ఒక నంబరు ప్రతి పంచాయతీ గోడ మీదా రాయించాలి.