పశువు బొమ్మకు అతిశయోక్తి ఎందుకు?



ముప్పది యేళ్ళకు పైగా తరగతి గదిలో అలంకారములు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాడను. అతిశయోక్తి కవికి భూషణమే. అదే అతిశయోక్తి పశువుల బేరంలో చొరబడితే ఎంత అనర్థమో మొన్న ఉద్దానంలోని మా ఊళ్ళో కన్నులారా చూశాను. ఆ బాధతోనే ఈ టపా.

మా వీధిలో ఒక ఇల్లాలు పాడి ఆవును అమ్మకానికి పెట్టింది. భర్తకు మూత్రపిండాల జబ్బు. ఈ ప్రాంతంలో ఆ మాటకు వివరణ అక్కరలేదు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫానుకు కొబ్బరిచెట్లు కూలిపోయాక ఆ ఇంటికి ఆవే ఆధారం. ప్రకటనకు ఫొటో తీయడానికి కాశీబుగ్గ నుండి బంధువుల కుర్రవాడు ఫోను పట్టుకొని వచ్చాడు. అతని సలహా మీద ముందు రోజు సాయంత్రం పాలు తీయలేదు; ఆ ఉదయమూ తీయలేదు. పొదుగు రాయిలా బిగిసిపోయి చన్నుల నుండి పాలు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఆవు వెనుక కాళ్ళు ఎడంగా పెట్టి కదలలేక నిలబడింది. దూరాన కట్టిన దూడ అరుస్తోంది. కొమ్ములకు నూనె, నుదుట బొట్టు. ముందు కాళ్ళను గట్టు మీదికి ఎక్కించి, తాను నేల మీద కూర్చొని, కింది నుండి పైకి ఫొటో తీశాడు. మన నాటు ఆవు ఒంగోలు ఆవంత ఎత్తు కనిపించింది!

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"ఏటి సేస్తాం మేస్టారూ, ఫొటో బాగోకపోతే అడిగేవోడే ఉండడట" అన్నది.

నాలుగు రోజులకు టెక్కలి వైపు నుండి ఒక రైతు వ్యాను మాట్లాడుకొని వచ్చాడు. ఆవును చూశాడు, దగ్గరుండి పాలు పిండించాడు. ప్రకటనలోని లీటర్లకూ చెంబులోని పాలకూ పొంతన లేదు. "ఇన్ని అబద్ధాలు చెప్పినవాళ్ళు ఇంకేమి దాచారో" అని నలుగురిలో అన్నాడు. ఆ తరువాత ఆమె చెప్పిన నిజాన్ని కూడా అతను నమ్మలేదు. చివరకు ఉన్నదున్నట్లు చెప్పి ఉంటే వచ్చే ధరకంటె తక్కువకే ఆవు వెళ్ళిపోయింది. నష్టపోయినది ఎవరు? అబద్ధం నేర్పిన కుర్రవాడు కాదు గదా!

"సంతలో మాత్రం మోసం లేదా పంతులుగారూ?" అని అడిగేవారున్నారు. ఉన్నది. పాలు బిగబట్టడం సంతలోనూ ఉన్న పాత పాపమే. తువ్వాలు కింద వేళ్ళు పట్టి బేరమాడే దళారిని ఋషి అని నేననను. అయితే సంతలో కొనేవాడు పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు, పొదుగు నొక్కి చూస్తాడు. ఫొటో అతని చేతులు కట్టివేసి, కన్ను ఒక్కటే మిగులుస్తుంది. ఆ ఒక్క కన్నునూ మోసగించడం ద్విగుణిత పాపం.

నేను కెమెరాకు శత్రువును కాను. కేంద్ర ప్రభుత్వం 2016 నవంబరులో ఈ-పశుహాట్ ప్రారంభించింది. 2019లో బెంగుళూరులో ఏనిమాల్ పుట్టింది. 2022లో లంపీ చర్మవ్యాధి ప్రబలి కొన్ని రాష్ట్రాలలో సంతలు ఆపివేసినప్పుడు ఇటువంటి మార్గమొకటి ఉండడం మేలే. వజ్రపుకొత్తూరు తీరాన ఉన్న పేదరాలు పశువును సంత దాకా తోలుకుపోయి, ఆమె అవసరాన్ని పసిగట్టిన దళారికి తలవంచనక్కరలేదు. ఇంత మంచి సాధనాన్ని అబద్ధంతో చెడగొట్టుకొంటున్నామన్నదే నా వ్యథ.

ఆలంకారికులు స్వభావోక్తి అని ఒక అలంకారం చెప్పారు. ఉన్నదానిని ఉన్నట్లు మనోహరంగా వర్ణించడమే దాని లక్షణం. పశువులూ పసిపిల్లలూ దానికి ముఖ్యమైన లక్ష్యాలు. పశువు ఫొటోకు కావలసినది అదే. సమతలం మీద నిలబెట్టి, పశువు ఎత్తులోనే ఫోను పట్టి, పక్క నుండి ఒకటి తీయండి. పెదవి ఎత్తి పళ్ళు చూపండి: రెండు పెద్దపళ్ళు వస్తే రెండేళ్ళు దాటిందని, ఎనిమిదీ కుదిరితే సుమారు ఐదేళ్ళని రైతుకు తెలుసు. పాలు తీయక ముందు ఒకటి, తీసిన తరువాత ఒకటి పొదుగు ఫొటో తీయండి. చెవిపోగు మీది పన్నెండంకెల సంఖ్య చూపండి. మచ్చ ఉంటే, కుంటు ఉంటే అదీ చూపండి. ఎన్నో ఈత, ఎప్పుడు ఈనింది, పూటకు ఎన్ని పాలు అన్నవి కింద వ్రాయండి. దీనికి ఖర్చు లేదు.

పాలు బిగబడితే పొదుగువాపు వచ్చే ప్రమాదమున్నది. పశువుకు అనవసరమైన బాధ కలిగించడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం కూడాను. కనుమ నాడు పసుపు కుంకుమ పెట్టి మ్రొక్కే చేతులతోనే ఆ నోరులేని తల్లిని ఒక ఫొటో కోసం ఇలా బాధించవచ్చునా?

మీ ఊళ్ళలో ఈ తీరు ఎలా ఉన్నదో తెలుపగలరు. నేను చెప్పినదానిలో పొరపాటుంటే నిర్మొహమాటంగా దిద్దండి. ఇంటికి వెళ్ళినప్పుడు ఫోను పట్టిన మీ తమ్ముళ్ళకు మాత్రం ఒక్క మాట చెప్పండి: ముందు పాలు తీయమనండి, తరువాతే ఫొటో.