కెమెరాకు ఆవలి వైపు

1961లో సత్యజిత్ రాయ్ 'తీన్ కన్యా' విడుదలైన నాటికి, అందులోని 'సమాప్తి' కథలో అల్లరిపిల్ల మృణ్మయిగా నటించిన అపర్ణకు పదహారేళ్లయినా నిండలేదు. తండ్రి చిదానంద దాస్‌గుప్తా పేరొందిన చలనచిత్ర విమర్శకులు. 1947లో రాయ్‌తో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీని నెలకొల్పిన వారిలో ఒకరు. మంచి చిత్రమంటే ఏమిటన్న విచికిత్స ఆమెకు పుట్టింటి సొత్తు.

తర్వాతి కాలంలో అపర్ణా సేన్ బెంగాలీ తెరపై అగ్రతారగా వెలుగొందారు. అయినా, నాయిక అందమే ఆధారంగా అల్లిన పాత్రలు ఆమెకు తృప్తినివ్వలేదు. ఆ అసంతృప్తి ఆమె చేత కలం పట్టించింది. ఆమె రాసిన చిత్రకథను చదివిన రాయ్ తప్పక తీయమని ప్రోత్సహించి, నిర్మాణానికి శశి కపూర్‌ను సంప్రదించమని సలహా ఇచ్చారు. అలా 1981లో '36 చౌరంగీ లేన్' వెలువడింది.

నటీమణులు దర్శకత్వం చేపట్టడం అప్పటికి కొత్త కాదు. 1953లోనే భానుమతి 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసి, తామే నాయికగా నటించి మెప్పించారు. అపర్ణ మాత్రం తన తొలి చిత్రంలో తనకొక పాత్రనైనా ఉంచుకోలేదు. కథానాయిక వయొలెట్ స్టోనమ్ కలకత్తాలో ఒంటరిగా బతుకుతున్న ఆంగ్లో ఇండియన్ ఉపాధ్యాయిని. వయసు మళ్లిన మనిషి. పూర్వ విద్యార్థిని ఒకామె, తన ప్రియునితో ఏకాంతం కోసం ఆమె ఇంటిని వాడుకుంటుంది. పెళ్లయ్యాక ఆమెను మరచిపోతుంది. క్రిస్మస్ నాటి రాత్రి కేకు పట్టుకొని వచ్చిన వృద్ధురాలు, లోపల సాగుతున్న విందును బయటినుంచే చూసి వెనుదిరుగుతుంది. ఆ పాత్రలో జెన్నిఫర్ కెండాల్ నటన చిరస్మరణీయం.

తెర మీద యౌవనానికే విలువ కట్టే వ్యాపారంలో పెరిగిన తార, ఎవరికీ అక్కరలేని ముసలితనాన్ని కథావస్తువుగా ఎన్నుకోవడం సాహసమే. ఆ సాహసానికి ఉత్తమ దర్శకత్వానికి జాతీయ బహుమతి లభించింది. 1985లో వచ్చిన 'పరమా' మరింత దుమారం రేపింది. భర్త, పిల్లలు, అత్తగారి సేవలో తన పేరే మరచిన గృహిణి మరొకరిని ప్రేమించడమేగాక, అందుకు అపరాధభావం వహించడానికి నిరాకరించడం చాలామందికి మింగుడు పడలేదు.

2002 నాటి 'మిస్టర్ అండ్ మిసెస్ అయ్యర్'కు ఆమె ఉత్తమ దర్శకురాలిగా రెండవసారి జాతీయ బహుమతి అందుకున్నారు. అదే చిత్రానికి కుమార్తె కొంకణా సేన్ శర్మ ఉత్తమ నటి అయ్యారు. కొంకణ కూడా 2016లో 'ఎ డెత్ ఇన్ ది గంజ్'తో దర్శకత్వం చేపట్టారు. తల్లి తొలిచిత్రం వలెనే అందులోనూ ప్రధాన పాత్ర, ఇంటినిండా మనుషులున్నా ఎవరికీ పట్టని ఒక ఒంటరి జీవి.