తొడల ఆపరేషన్: సంతకం ఎవరిది?

"తొడల చర్మం తీయించుకుంటానంటే నవ్వుతున్నావా? ఈ తొడలతో ఎండాకాలంలో నాలుగడుగులు వేసి చూడు" అంది నా స్నేహితురాలు. బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత ఆమె నలభై కిలోలు తగ్గింది. వేలాడే చర్మం ఒరుసుకుని పుండ్లు పడుతోంది. దాన్ని అందాల పిచ్చిగా కొట్టిపారేసినందుకు సిగ్గేసింది. మన శరీరం మీద హక్కు మనదేనని ఇరవై ఏళ్లుగా సభల్లో చెబుతున్నదాన్ని మరి!

అయితే ఆమెకిచ్చిన కరపత్రంలో ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో, అంతే. ఆ రెంటి మధ్య జరిగేదేమిటో లేదు. మత్తిచ్చి గజ్జల్లో, చర్మం మరీ ఎక్కువైతే మోకాలిదాకా కోస్తారు. మచ్చ జీవితాంతం ఉంటుంది. వారాల తరబడి బిగుతు తొడుగు వేసుకోవాలి. కూర్చోవడం, బాత్రూముకి వెళ్లడం కూడా కష్టమే. చెమట, రాపిడి ఉండే చోటు కనుక కుట్లు విడిపోవడం, నీరు చేరడం, చీము పట్టడం అరుదేమీ కాదు. వాపు నెలల తరబడి ఉండొచ్చు. అన్నాళ్లూ ఇంటిపని ఎవరు చేస్తారని ఏ డాక్టరూ అడగలేదు. ఆమె మొదట ఆలోచించింది మాత్రం అదే.

పైగా సంతకానికి భర్తను తీసుకురమ్మన్నారట! సమీరా కోహ్లి కేసులో, ఆమె మత్తులో ఉండగా తల్లి అనుమతితో గర్భసంచి తీసేశారు. ఆ అనుమతి చెల్లదనీ, చికిత్స ఏమిటో, అందులో ప్రమాదాలేమిటో, వేరే దారులేమిటో రోగికే ముందు చెప్పాలనీ 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

మేమిద్దరం కూర్చుని ప్రశ్నలు రాశాం. కుట్లు విడిపోతే రెండో ఆపరేషన్ ఖర్చు ఎవరిదన్నది మొదటిది. ఆసుపత్రి నుంచి జవాబు ఇంకా రాలేదు.