యంత్రవిద్య నుండి పేటెంటు న్యాయమునకు



మన యిండ్లలో నాడుపిల్ల ఇంజనీరింగు పరీక్షలో నెగ్గి యుద్యోగమున కుదురుకొన్నదన్న తల్లిదండ్రులకు కొండంత నిశ్చింత. ఆ పిల్లయే నాలుగైదేండ్ల పిమ్మట "అమ్మా, ఈ యుద్యోగము మాని పేటెంటుల పని నేర్చుకొందును, వీలైన లా కూడ చదువుదును" అన్నచో నా నిశ్చింత యంతయు నెగిరిపోవును. చదివిన చదువు గంగపాలయినదని తల్లి కంట నీరు పెట్టుకొనును. ఇరుగుపొరుగువారు తల కొక మాట యందురు. మా కార్వేటినగరమునను ఇట్టి మాటలు చెవిని బడుచున్నవి గనుక, ఈ నెల యీ విషయమునే ముచ్చటింప దలచితిని.

పేటెంటనగా నేమి? క్రొత్తగా నొక యంత్రమునో, పదార్థమునో, పద్ధతినో కనిపెట్టినవారికి దానిపై ప్రభుత్వమిచ్చు హక్కు. దరఖాస్తు పెట్టిన దినము మొదలు 20 ఏండ్లు వారి యనుమతి లేక యితరులు దానిని చేసి యమ్మరాదు. అయితే యీ హక్కు ఊరక రాదు. ఆ విద్య నెఱిగిన మఱియొకరు చదివి చేయగలుగునంత విశదముగా, తమ రహస్యమును వ్రాసి వెల్లడింపవలెను. ఆవకాయ కొలతలు కోడలికి సైతము చెప్పని యత్తగారి పద్ధతికి ఇది తలక్రిందు. గడువు తీరిన వెనుక నా విద్య యందఱి సొత్తు.

ఆ వ్రాత వ్రాయుటయే పేటెంటు ఏజెంటు ముఖ్యమైన పని. అది యెంత సూక్ష్మమైనదో యొక యుదాహరణము చెప్పెదను. ఒకరు నూలు చుట్టు యంత్రమును చేసిరనుకొందము. అందు "ఇనుప కడ్డీ" గలదని హక్కు కోరినచో, పొరుగువాడు ఇత్తడి కడ్డీ పెట్టి తప్పించుకొనవచ్చును. "కడ్డీ" యని మాత్రమే యన్నచో, అట్టి కడ్డీ గల పాత యంత్రము ముందే యున్నదని యధికారి త్రోసిపుచ్చవచ్చును. ఆ కడ్డీ యేల యున్నది, అది యినుముగానే యుండవలెనా, దాని పనిని వేఱొక వస్తువు చేయగలదా యని యెఱిగినవారే సరియైన మాటను నిలుపగలరు. యంత్రము తెలియని పండితునకు ఇది సాధ్యము కాదు; మాట తూకము తెలియని ఇంజనీరునకును సాధ్యము కాదు. మన తెలుగువాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యములకు వ్యాఖ్య వ్రాయునపుడు పదమును విప్పి, యర్థమును నిలిపి, మూలమును మీఱక నడచెను. పేటెంటు వ్రాయువారిదియు నట్టి వ్యాఖ్యానమే. మూలము మాత్రము కావ్యము గాక యంత్రము.

కావుననే 1970 నాటి మన పేటెంటు చట్టము, ఏజెంటు పరీక్షకు కూర్చుండువారికి సైన్సునందో, ఇంజనీరింగునందో, సాంకేతిక విద్యయందో పట్టా యుండవలెనని విధించినది. చట్టముపై నొక పత్రము, వివరణలు వ్రాయుటపై నొక పత్రము, పిమ్మట మౌఖిక పరీక్ష. ఒక్కొక్క పత్రమున నూటికి 50, మొత్తము మీద నూటికి 60 మార్కులు రావలెను. ఇందులకు లా పట్టా యక్కఱలేదు. న్యాయస్థానమున వాదింప దలచినవారు మాత్రము మూడేండ్లు లా చదివి న్యాయవాదిగా నమోదు కావలెను. చూచితిరా! చదువు గంగపాలగుట యటుండగా, అది లేనిదే యీ తలుపు తెఱచుకొనదు.

ఈ త్రోవ క్రొత్తదియు గాదు. మన దేశమున నిట్టి చట్టము తొలుత వచ్చిన 1856 వ సంవత్సరముననే, కలకత్తాలోని జార్జి ఆల్ఫ్రెడ్ డీపెన్నింగ్ అను సివిల్ ఇంజనీరు పంకా లాగు యంత్రమునకై తొలి దరఖాస్తు పెట్టెను. ఆయన పేర వెలసిన సంస్థ నేటికిని పేటెంటు వ్యవహారములు నడపుచున్నది. అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ బెల్ ప్రయోగశాలలో ఇంజనీరుగా చేరి, అచటి పేటెంటు శాఖకు మాఱెను. తరువాత వేఱొక సంస్థ పేటెంటు శాఖలో పనిచేయుచు రాత్రివేళ న్యాయశాస్త్రము చదివెను. పత్రములకు నకళ్లు సంపాదించు శ్రమ చూచి చూచి, 1938 అక్టోబరు 22 న నకలు తీయు క్రొత్త పద్ధతిని సాధించెను. నేడు మన వీధి దుకాణములలో "జిరాక్సు" అనునది దాని ఫలమే.

ఆడువారి కిది తగునా యందురేమో. అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదవ యేట, చంటిబిడ్డ యొడిలో నుండగా భర్తను గోల్పోయిరి. అయినను మద్రాసు గిండీ కళాశాలలో విద్యుత్తు ఇంజనీరింగు చదివి 1943 లో పట్టభద్రురాలైరి. తండ్రి పప్పు సుబ్బారావుగారి పరిశోధనలకు కొంతకాలము తోడ్పడిరి. పొగ రాని పొయ్యి వాటిలో నొకటి. ఆమె చదివిన యా గిండీలోనే నేడు చెన్నై పేటెంటు కార్యాలయమున్నది. మన ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు అచటికే పోవును.

మన వంటింటి యెఱుకకును ఈ వృత్తితో సంబంధము గలదు. గాయమును పసుపుతో మాన్పుట క్రొత్త సంగతి యని 1995 లో అమెరికాలో నొక పేటెంటు ఇచ్చిరి. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి వారు సంస్కృత గ్రంథములను, 1953 నాటి యొక వైద్యపత్రిక వ్యాసమును చూపి యెదిరింపగా, 1997 లో నది రద్దయ్యెను. అవ్వలు చెప్పిన మాట నిజమే యైనను, దానికి వ్రాతలో సాక్ష్యము చూపగలవారు కావలసివచ్చిరి గదా!

ఇక అమ్మాయిలకు రెండు మాటలు. పరీక్ష నెగ్గక మునుపే చేతనున్న యుద్యోగము విడువకుడు. సాయంకాలములు చదువుకొనుడు. కొన్ని పేటెంటు పత్రములు తెచ్చి యోపికతో చదివి చూచుకొనుడు. ఒక్కొక్క వాక్యమునకు గడియసేపు పట్టినను విసుగు రానిచో నీ పని మీకు తగును. తొలి యేండ్లలో నొకరి చేతిక్రింద నేర్చుకొనవలసియుండును. గడువు తప్పరాని వృత్తి ఇది. తాత్కాలిక వివరణ నిచ్చిన 12 నెలలలో పూర్తి వివరణ నీయనిచో, ఆ దరఖాస్తును విడిచిపెట్టినట్లే యెంతురు. ఒకరి యేండ్ల శ్రమ మన యజాగ్రత్తచే నశించును.

తల్లులకు నొక్క మాట. తల్లి లక్ష్మి ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడుట చూడజాలక చింతకింది మల్లేశము 1999 నాటికి ఆసుయంత్రమును చేసెను. 2017 లో నాతనికి పద్మశ్రీ వచ్చినది. మన నగరి, పుత్తూరు మగ్గముల నడుమను అట్టి నేర్పు గల చేతు లుండవచ్చును. వారికి యంత్రము చేయుట తెలియును గాని, దానిని చట్టము మెచ్చునట్లు చెప్పుట తెలియదు. ఆ మాట చెప్పగల పిల్ల మీ యింట నున్నచో, కంట నీరు పెట్టకుడు. పరీక్ష రుసుము కట్టి, పుస్తకములు కొనిపెట్టి, పంపుడు.